ఫోన్లో పట్టని పాఠం

ఎవరైనా మా షాపులోకొచ్చి కంప్యూటర్‌లో తారీకు చూసి నవ్వితే నాకు ఒళ్లు మండుద్ది. అవును, అందులో ఇంకా 2020 డిసెంబరే. గోడ మీద కేలెండర్లు ఐదు మారినయ్, అందులో మాత్రం మారలా. నేను మారనియ్యలా.

నా పేరు జైనాబ్ బీ. మాచర్ల బస్టాండు వెనక మోటార్ వైండింగ్ షాపు నాది. కాలిపోయిన మోటార్లలో తీగ పీకేసి కొత్త తీగ చుట్టడం నా పని. ఈ చుట్టుపక్కల ఆడది ఈ పని చేసే షాపు ఇంకోటుంటే చూపించండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నాకీ పని నేర్పింది ఓ సీడీ.

అప్పుడు నాకు ముప్పయ్యేళ్లు. వేరేవాళ్ల షాపులో కూలికి కాయిళ్లు చుట్టేదాన్ని. ఇన్ని చుట్లు చుట్టవే అంటే చుట్టడం, ఇందులో దూర్చవే అంటే దూర్చడం. ఎందుకో తెలవదు. అడిగితే, నీకెందుకే అనేవాళ్లు. 2010లో నరసరావుపేటలో వైండింగ్ పనోళ్లకి మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. చెన్నకేశవరావు సార్ అని పాలిటెక్నిక్ లెక్చరర్ చెప్పాడు. ఇరవై ముగ్గురం, అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మిగతావోళ్లు మధ్యాన్నం భోజనం కాంగానే బెంచీల మీద కునుకు తీశారు.

సార్ తెర మీద గుండ్రటి స్టేటర్ బొమ్మేశాడు. మోటార్లో తిరగకుండా ఉండే బయటి భాగం అది. దానికి లోపల చుట్టూ గాళ్లు, వాటిని స్లాట్లంటాం. ఆయన మౌస్ బాణాన్ని ఓ స్లాట్ మీద ఊరకే ఆపాడు. నొక్కలా, ఆపాడంతే. ఆ స్లాట్లో తీగ ఎర్రగా వెలిగి, వంగి, ఎనిమిది గాళ్లు దాటి ఇంకో స్లాట్లో దూరింది. ఇంకోదాని మీద ఆపితే పచ్చగా ఇంకో తీగ. ఇన్నేళ్లూ నా చేత్తో నేను చేసిందేందో నాకా నిమిషంలో తెలిసింది. సిగ్గు విడిచి చెప్తన్నా, ఏడ్చా.

సార్ అందరికీ తలా ఓ సీడీ ఇచ్చాడు. మిగతావోళ్లు తీసకపోయి పిట్టలు రాకుండా మిరప చేలల్లో కట్టుకున్నారు. నేను చెవికమ్మలమ్మి పాత కంప్యూటర్ కొన్నా. సీడీలో పన్నెండు పాఠాలు. మా ఆయన ఐజాజ్‌కి లారీ డ్రైవింగు, ఆయన ఇంట్లో లేనన్నాళ్లూ ఆ బొమ్మల ముందే కూచునేదాన్ని. రెండేళ్లకి సొంత షాపు పెట్టుకున్నా.

తారీకు సంగతి మా మిస్బా చెప్పింది. మా తమ్ముడి కూతురు, మేనత్తని గాబట్టి నన్ను ఫుప్పూ అంటది. మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని చేస్తది, ఏది కనపడినా ఇప్పి చూసే పిల్ల. సార్ పాఠాలు నడిచేది ఫ్లాష్ అనేదాంతోనంట. నెట్ చూసే ప్రోగ్రాంకి పక్కన తగిలించుకునే ముక్క. ఒకప్పుడు నెట్‌లో బొమ్మ కదలాలన్నా, ఆట ఆడాలన్నా, వీడియో చూడాలన్నా అదే గతి. 2021 సంక్రాంతికి రెండ్రోజుల ముందు అది తనంతట తనే పని మానేసింది. ఫలానా తేదీ దాటితే నడవగూడదని దాని లోపలే రాసి పెట్టారంట.

"మరి నా గతేందే?" అన్నా.

"తారీకు వెనక్కి తిప్పేయ్ ఫుప్పూ. దానికి బయట ఏ సంవత్సరమో తెలవదు గదా. నెట్ వైరు కూడా పీకేయ్, తెలిసే దారే ఉండదు."

అట్టా ఐదేళ్లు మోసం చేశాం దాన్ని. పాపం, నమ్మింది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న డిసెంబరు ఇరవయ్యేడు పొద్దున్నే నాగవల్లి ఆటోలో మోటారేసుకొచ్చింది. నాగవల్లి అంటే బేకరీ అమ్మాయి. వాళ్లది కిరాణా కుటుంబం. తను మాత్రం పట్టుబట్టి రెండేళ్లు ఇంట్లో కేకులు చేసి అమ్మి, మొన్న ఆగస్టులో పార్కు సెంటర్లో బేకరీ తెరిచింది. మా ఊళ్లో జనవరి ఒకటికి కేకు కొయ్యని ఇల్లుండదు, మసీదు వీధిలో మేమూ కోస్తాం. ఆ అమ్మాయి బేకరీకి ఇదే మొదటి కొత్త సంవత్సరం.

"జైనాబక్కా, మిక్సర్ మోటారు పొగొచ్చి ఆగిపోయింది. నాలుగొందల కేకులు ఒప్పుకున్నా. ముప్పయ్యో తారీకు పొద్దున్నే పిండి కలపడం మొదలెట్టకపోతే నా పరువు కృష్ణలో కలిసిపోద్ది. మా మామగారు అప్పుడే, ఆడోళ్ల యాపారం ఇట్టాగే ఉంటది అంటన్నాడు. నువ్వు చేస్తానంటేనే ఇక్కడ దించుతా, లేకపోతే గుంటూరు తీసకపోతా."

"గుంటూరెందుకు, నేను చచ్చానా?" అన్నా. "ఇరవయ్యొమ్మిది రాత్రికి నీ మోటారు నీకిస్తా. పో, పోయి గుడ్లు కొట్టుకో."

అది మామూలు మోటారు కాదు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మిక్సర్‌ది, రెండు స్పీడ్ల మోటారు. పిండి తడిపేటప్పుడు నెమ్మదిగా, గుడ్ల నురగ కొట్టేటప్పుడు జోరుగా తిరుగుద్ది. అంత తేడా ఒకే తీగతో వచ్చుద్ది. ఇన్నేళ్లలో అలాంటిది నా షాపుకి రాలా. బోరు మోటార్లు, పిండి మర మోటార్లు, రాళ్లకి నునుపు పట్టే మిషన్లు, అన్నీ ఒకటే స్పీడు. అయినా నాకేం భయం? సీడీలో ఆఖరి పాఠం పేరే అది: పన్నెండో పాఠం, రెండు స్పీడ్ల మోటారు. అవసరం పడనప్పుడు ఎందుకులే అని ఎన్నడూ తెరవలా.

మా పనిలో ఓ కట్టడి ఉంది. కాలిన తీగ పీకేముందు, ఏ కాయిల్ ఏ స్లాట్లో మొదలై ఏ స్లాట్లో తేలిందో, ఏ కొస ఏ కొసకి కలిపారో కాగితం మీద రాసుకోవాలి. రాసుకోకుండా కటింగ్ ప్లేయర్ ముట్టుకోగూడదు. నా దగ్గర పని నేర్చుకున్నోళ్లు ఎవరైనా ఇది తప్పితే నోరు పెట్టుకుని ఊరంతా వినపడేట్టు తిట్టేదాన్ని.

ఆ రోజు ఆదమరిచి కాదు, గర్వంతో తప్పా. మిస్బా అప్పుడే టీ తాగడానికొచ్చి నుంచుని ఉంది.

"ఫుప్పూ, రాసుకోవా?"

"అన్నీ అందులో ఉన్నయ్‌లేవే" అని కంప్యూటర్ వైపు గడ్డం ఊపి, తీగలు టకటకా కోసి పీకి అవతల పారేశా. ఎన్ని చుట్లో లెక్కపెట్టా, తీగ మందం కొలిచా. కలిపిన కొసలు మాత్రం రాయలా. గంటలో స్టేటర్ బోసిపోయి కూచుంది.

అప్పుడు కంప్యూటర్ బటన్ నొక్కా. అది రాలా. మళ్లీ నొక్కా. లోపల ఫ్యాన్ ఓసారి మూలిగి ఆగిపోయింది. చిన్న కాలిన వాసన. కాలిన వాసనలో నాకు తెలియంది లేదు, అది చచ్చిన వాసనే.

మిస్బాని కేకేసి పిలిచా.

మిస్బా దాన్ని ఇప్పి చూసింది. "బోర్డు పోయింది. డిస్క్ బానే ఉన్నట్టుంది, ఫైళ్లు తీయొచ్చు. కాకపోతే తీసి ఎక్కడ పెడతాం? మా షాపులో కూడా కంప్యూటర్ లేదు ఫుప్పూ. అన్నీ ఫోన్లే."

"అయితే ఫోన్లోనే పెట్టు."

"ఫోన్లో ఫ్లాష్ ఎక్కడుంది?"

సాయంత్రం దాకా అదే తగువు. నాకు కోపమూ ఉంది, తెలుసుకోవాలనీ ఉంది. ప్రపంచం మొత్తం దాంతోనే బొమ్మలు ఆడిస్తా ఉంటే, ఈ అరచేతి ముక్క వద్దన్నంత మాత్రాన అది చావడమేంది? పెద్దది అదే గదా, ఫోను నిన్నగాక మొన్న వచ్చిందే గదా?

"బ్యాటరీ తాగేస్తదంట, ఊరకే ఆగిపోతదంట, దొంగలు దూరే సందులున్నయ్యంట" అంది మిస్బా, స్క్రూలు తిప్పతానే. "ఒక రకం ఫోన్లు మొదటి నించీ ముట్టుకోలా. ఇంకో రకం ఓ రెండేళ్లు పెట్టుకుని తీసేసినయ్. తర్వాత జనం అంతా ఫోన్లోకే పోయారు. ఫోన్లో కనపడనిది ఎవరు తయారు చేస్తారు ఫుప్పూ?"

"నేను చూస్తన్నా గదా కంప్యూటర్‌లో!"

"నువ్వొక్కదానివి."

కిందపడ్డ స్క్రూలు ఏరి దాని చేతిలో పెట్టా.

మిస్బా డిస్క్‌ని ఏదో డబ్బాకి, డబ్బాని ఫోన్‌కి తగిలించి పాఠాలన్నీ ఫోన్లోకి లాగింది. నొక్కితే, ఈ ఫైల్ తెరవలేం అని వచ్చింది. పన్నెండింటికీ అదే మాట. కానీ మా పిల్ల ఊరుకునే రకం కాదు. నెట్‌లో గంటసేపు తవ్వి, "ఫుప్పూ, ఇదేందో చూడు!" అని కేకేసింది. పాత ఫ్లాష్ బొమ్మల్ని కొత్త ఫోన్లలో ఆడించే ప్రోగ్రాం ఒకటుందంట. ఎవరో పుణ్యాత్ములు, పాత ఆటల మీద ప్రేమ చావక, కలిసి రాసి ఉచితంగా పెట్టారంట.

మొదటి పాఠం పెట్టింది. సన్నటి సంగీతం వచ్చింది, టిండిటిండిమని. పదిహేనేళ్లు విన్న సంగీతం. గుండ్రటి స్టేటర్ తెర మీదికొచ్చింది. "యా అల్లా!" అని మిస్బా నెత్తిన ముద్దు పెట్టా.

"ఇప్పుడు స్లాట్ మీద వేలు పెట్టు" అన్నా.

పెట్టింది. పాఠం మొదటికొచ్చింది. మళ్లీ పెట్టింది. మళ్లీ మొదటికే. నేను పెట్టా. నా వేలు లావు, ఒకేసారి మూడు స్లాట్లు నొక్కినట్టుంది, ఏకంగా మూతబడింది.

మిస్బా మళ్లీ తెరిచి ఇంకో రెండుసార్లు నొక్కి చూసింది. అప్పుడు మెల్లగా నవ్వింది. "ఇందులో కిటుకుంది ఫుప్పూ. సార్ ఏం చేశాడు? బాణం ఊరకే ఆపితే తీగ వెలగాలి, నొక్కితే పాఠం మొదటికి రావాలి, అంతేనా? వేలికి ఆగడం రాదు. గాల్లో ఉంటే ఫోన్‌కి కనపడదు, తగిలితే నొక్కినట్టే."

నేను వేలు ఎత్తి ఫోన్ మీద వెంట్రుక వాసి దూరంలో ఆపి చూశా. ఏమీ లేదు. ఇదెంత విచిత్రమో చూడండి. పాఠం ఉంది, ఫోనుంది, వేలుంది. ముట్టుకోకుండా చూపించమంటది పాఠం, ముట్టుకుంటేనే వింటానంటది ఫోను. ఈ రెండింటి మధ్య నాగవల్లి కేకులు ఇరుక్కున్నయ్.

"బాణం కావాలంటే మౌసే కావాలి" అంది మిస్బా. లేచి, చచ్చిన కంప్యూటర్ మౌస్ పీకి, తన సంచీలోంచి జానెడు వైరు తీసి, మౌస్‌ని ఆ వైరుకి, వైరుని ఫోన్‌కి తగిలించింది. ఫోన్ తెర మీద బాణం వచ్చింది! నేను ఫోన్లో బాణం ఎప్పుడూ చూళ్లా. ఎలక తోక ఎవరి వీపునో అతికించినట్టుంది. బాణాన్ని స్లాట్ మీద ఆపితే తీగ ఎర్రగా వెలిగి, వంగి, ఎనిమిది గాళ్లు దాటి దూరింది.

ఇద్దరం కేకలు పెడితే పక్క టీకొట్టోడు కరెంటు షాక్ కొట్టిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆత్రంగా పన్నెండో పాఠం తెరిచాం. సంగీతం వచ్చింది. తెర మీద టోపీ పెట్టుకున్న బొమ్మ మనిషొకడు గడ్డపారతో నేల తవ్వుతున్నాడు. కింద అక్షరాలు: ఈ పాఠం తయారవుతోంది.

బాణం అటు ఆపాం, ఇటు ఆపాం. ఆ మనిషి తవ్వుతానే ఉన్నాడు.

నాకు మొదట అర్థం కాలా. అర్థమయ్యాక మౌస్ అవతలికి నెట్టేశా. పదిహేనేళ్లు నా దగ్గర ఉందనుకున్న పాఠం ఎన్నడూ లేదు. అది ఉందన్న ధీమాతో నేను పొద్దున వేరేవాళ్ల మోటారు తీగలు కోసి పారేశా. తల కొట్టేసినట్టయింది. కూలీగా ఉన్నప్పుడు కూడా నేనంత సిగ్గుపడలా.

అబద్ధం చెప్పొచ్చు. లోపల తిరిగే రోటరు కూడా పోయింది, నా వల్ల కాదు, గుంటూరు తీసకపో అనొచ్చు. అనలా. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పా. నాగవల్లి తిట్టింది. "ఊరందరికీ నీతులు చెప్తావు గదక్కా, నా మోటారు దగ్గరే మర్చిపోయావా? రేపు ఆదివారం, గుంటూర్లో షాపులు మూసేస్తారు, ఇప్పుడు నేనేం చెయ్యాల?" నన్ను తిట్టి నోరు మెదపకుండా చేసినవాళ్లు చానా తక్కువ, కానీ ఆ తిట్లు నాకు చెందాల్సినవే.

"రేపు సాయంత్రం దాకా టైమియ్యి" అన్నా. "ఆ పాఠం రాయాల్సినాయన్నే పట్టకొస్తా."

సీడీ అట్ట మీద నెంబరు పాత లాండ్‌లైన్, మోగలా. అడ్రసు మాత్రం ఉంది, నరసరావుపేట బరంపేట. ఇరవయ్యెనిమిది పొద్దున్నే నేనూ మిస్బా మొదటి బస్సెక్కాం. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగ చూస్తా మిస్బా అంది, "ఆయన లేకపోతే?"

"నోరు మూసుకో" అన్నా. నేనూ అదే అనుకుంటన్నా.

ఉన్నాడు. మేడ మీద చిన్న వాటా. తలుపు తీసింది ఆయన భార్య రాఘవమ్మ గారు. సార్ కుర్చీలో కూచుని పేపరు చదువుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది, మనిషి సగమయ్యాడు, గొంతు మాత్రం అదే.

"ఎవరమ్మా మీరు?"

"మాచర్ల నించి సార్. 2010లో ట్రైనింగ్‌కి వచ్చా. ఆడమనిషిని నేనొక్కదాన్నే."

ఆయనకి గుర్తు రాలా. నేను ఇంకేం మాట్లాడకుండా మిస్బా చేతిలో ఫోనూ మౌసూ ఆయన ఒళ్లో పెట్టించా. సంగీతం వచ్చింది. సార్ కళ్లజోడు సర్దుకున్నాడు. బాణం స్లాట్ మీద ఆపాడు. తీగ వెలిగింది. మౌస్ కాస్త కదిపితే బాణం పక్క స్లాట్ మీదికి జరిగింది, ఆ తీగా వెలిగింది.

"ఇది ఫోన్లో ఎట్లా?" అన్నాడు. తర్వాత గంటసేపు మాకు మాట్లాడే సందియ్యలా. ఆ ప్రోగ్రాం ఎవరు రాశారు, మౌస్ తగిలించాలని ఎట్లా తోచింది, మౌస్ బదులు ఇంకేదైనా పెట్టొచ్చా అని మిస్బాని తినేశాడు. డెబ్బయ్యేళ్ల మనిషి, బడి పిల్లోడికన్నా ఎక్కువ ప్రశ్నలు. నాకు టైమైపోతా ఉంది. ఆపలేక ఆపి, అడగాల్సింది అడిగా.

"పన్నెండో పాఠం ఎందుకు చెయ్యలేదు సార్?"

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు.

"చేస్తూనే ఉన్నానమ్మా. సగం అయింది. రెండువేల పదకొండులోనో పన్నెండులోనో, క్లాసులో ఒక పిల్లవాడు నా పాఠాన్ని తన కొత్త ఫోన్లో తెరిచి చూపించాడు. ఖాళీ డబ్బా వచ్చింది. మధ్యలో చిన్న గుర్తు, అంతే. మీ పాఠం నాకు కనపడటం లేదు సార్ అన్నాడు. మరుసటేడు క్లాసులో సగం మంది చేతుల్లో ఫోన్లే. నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. రోజూ రాత్రి కూర్చుని చేసేవాణ్ణి. కనపడని పాఠం ఎవరు చూస్తారు, ఎవరి కోసం చెయ్యాలి అనిపించింది. ఆపేశాను. పదకొండు పాఠాలు కూడా ఎవరూ చూసి ఉండరనుకున్నాను."

నాకు జాలి రావాలి గదా. కోపమొచ్చింది.

"ఎవరూ చూడరని మీకెవరు చెప్పారు సార్? నేను చూశా! పదిహేనేళ్లు చూశా! కమ్మలమ్మి కంప్యూటర్ కొని చూశా, తారీకు వెనక్కి తిప్పి చూశా. మీరు పన్నెండోది ఆపిన సంగతి నాకెందుకు చెప్పలా? ఆపేటప్పుడు పేరు తీసేయొచ్చు గదా! మీ పేరు నమ్మి ఒకమ్మాయి మోటారు పీకేశా నేను!"

మిస్బా నా కొంగు లాగింది. రాఘవమ్మ గారు వంటింట్లోంచి తొంగి చూసింది. సార్ లేచాడు.

"స్టేటర్ ఎక్కడుంది?"

"మాచర్లలో, నా షాపులో."

"ఎన్ని స్లాట్లు?"

"ముప్పయ్యారు."

"రాఘవా, నా చొక్కా ఇలా ఇవ్వు" అన్నాడు.

మధ్యాన్నం బస్సుకి ముగ్గురం బయల్దేరాం. దారి పొడుగునా ఆయన టికెట్ల వెనక బొమ్మలేస్తానే ఉన్నాడు. షాపుకి రాంగానే సుద్దముక్క తీసుకుని నేల మీద పెద్ద చక్రం గీసి, ముప్పయ్యారు గీతలు పెట్టి, నన్ను అందులో నిలబెట్టాడు. "నువ్వు కరెంటువి. నడువు" అన్నాడు. నెమ్మది స్పీడుకి తీగ ఈ కొస నించి ఆ కొసకి నడవాలి. జోరు స్పీడుకి నడిమధ్య నించి రెండు వైపులా చీలి నడవాలి. తీగ మారదు, దూరే వాకిలి మారుద్ది, అంతే. నాలుగు రౌండ్లు నడిచేసరికి నా పాదాలకి తెలిసింది. మిస్బా అదంతా ఫోన్లో వీడియో తీసింది. నాగవల్లి వచ్చి గుమ్మంలో నుంచుని, నేను నేల మీద గీతలు దాటుతా తిరగడం చూసి, "వీళ్లు నా మోటారు చేస్తన్నారా, తొక్కుడుబిళ్ల ఆడుతున్నారా?" అంది. అంది గానీ, పోలా. సార్‌కి బన్ను పెట్టింది. ఆ రెండు రాత్రులూ ఆయన పడక వాళ్ల మేడ మీదే.

ఇరవయ్యొమ్మిది పొద్దున ఆరింటికి మొదలెట్టా. స్లాట్లలో పేపరు పెట్టి, కాయిళ్లు చుట్టి, ఒక్కొక్కటీ దూర్చి, కొసలు కలిపా. సార్ పక్కన స్టూలేసుకుని ప్రతి కొసా రెండుసార్లు చూశాడు. మధ్యాన్నానికి అయింది. వార్నిష్ పోస్తే ఆరడానికి టైం పట్టుద్ది. "మా ఓవెన్లో పెడదామా అక్కా?" అంది నాగవల్లి. "నీ మొహం, కేకులన్నీ వార్నిష్ వాసనొస్తయ్" అని చెక్కపెట్టెలో పెద్ద బల్బులేసి అందులో పెట్టా. రాత్రికి ఇస్తానన్న మాట దాటిపోయింది. నాగవల్లి పొద్దున్నే వస్తానంది.

ముప్పయ్యి పొద్దున బల్ల మీద కరెంటిచ్చాం. నెమ్మది స్పీడు వేశా. మోటారు కదిలింది, సన్నగా, గురక లేకుండా. సార్ మొహం వెలిగింది. ఆపి జోరు స్పీడు వేశా. అందుకుంది. నాగవల్లి చప్పట్లు కొట్టింది.

నాకేదో తేడాగా తోచింది. మిస్బాని ఆపమని, కుదురుగా ఆగాక, ఇరుసు మీద సుద్దతో గీత పెట్టి మళ్లీ రెండూ వేయించా. నెమ్మదిగా తిరిగేటప్పుడు గీత కుడికి పోతంది. జోరు వేస్తే ఎడమకి.

"సార్, రెండో స్పీడు ఎదురు తిరుగుతంది."

"అలా ఎలా?" అని సార్ నేల మీది సుద్ద చక్రం దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూచున్నాడు. వేలు పెట్టుకుని గీతలు లెక్కపెట్టాడు. "నేను గీసింది తప్పా?" అన్నాడు.

"మీ గీత తప్పు కాదు. కాయిళ్లు సరిగ్గానే ఉన్నయ్, లేకపోతే ఇంత నిమ్మళంగా తిరగదు" అన్నా. కూలికి చుట్టినప్పటి నించీ తెలిసిన పని ఒకటుంది: ఎదురు తిరిగే మోటారుకి వచ్చే మూడు వైర్లలో ఏ రెండైనా అటుదిటు మారిస్తే దారికొస్తది. జోరు స్పీడు వైపు మాత్రమే రెండు వైర్లు మార్చి బిగించా. వేశా. గీత కుడికే పోయింది, రెండింటికీ.

సార్ మళ్లీ చక్రం దగ్గరికి పోయి గీతలు లెక్కపెట్టాడు. "వాకిలి మార్చినప్పుడు మూడు వైర్ల వరస కూడా తిరగబడుతుంది. నేను చూసుకోలేదు. ఆ రోజు పాఠం పూర్తి చేసి ఉంటే తప్పే నేర్పేవాణ్ణి జైనాబ్."

"నేర్పితే ఏమయ్యేది సార్? నాకు దొరికేది, తిట్టుకుంటా దిద్దుకునేదాన్ని" అన్నా.

మోటారు పార్కు సెంటర్‌కి పోయి మిక్సర్‌లో కూచుంది. పిండి తడిసింది, నురగ లేచింది. నాగవల్లి మామగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని చూశాడు. నాగవల్లి నా చేతులు పట్టుకుంది. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు చూసి నేనూ ఆపుకోలేకపోయా.

సార్‌ని బస్సెక్కించాలి. బస్టాండు వైపు నడుస్తా ఉంటే ఆయన ఆగాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నా పాఠం చూసి చుట్టిన మోటారు ఇంకోటి ఎక్కడైనా ఉందా? ఒక్కటి చూసి పోతాను."

ఎన్నున్నయ్యో మనిషికి నిజంగా తెలవదు.

ఎదురుగా ఉన్న పిండి మరలోకి తీసకపోయా. మిరపకాయల ఘాటుకి తుమ్ముతా లోపలికొచ్చి, తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. "ఇది నువ్వు చుట్టిందా?"

"మూడో పాఠం సార్."

తర్వాత మంచినీళ్ల ప్లాంటు. తర్వాత రాళ్ల మిషను, అది ఏడో పాఠం. మసీదు బోరు. ఐసు ఫ్యాక్టరీ. ప్రతిచోటా చెయ్యి ఆనించి అదే ప్రశ్న, నాదే జవాబు. సుబ్బారావు నూనె మిల్లు దగ్గర మిస్బా ఫోన్ చూసుకుని, "సార్, మీ బస్సు పోయింది" అంది.

"పోనీమ్మా" అన్నాడు సార్, మోటారు మీంచి చెయ్యి తియ్యకుండా. "ఇంకా ఎన్నున్నాయి?"

"ఈ రోజుకి అయ్యే పని కాదు సార్" అన్నా.